పాట ఊగుతుంటే లోపం ఎక్కడున్నట్టు? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

బీరువాల్లోంచి, అటకల మీది నుంచి పాత క్యాసెట్ ప్లేయర్లు మళ్లీ బయటికి వస్తున్నాయని ఈ మధ్య అందుతున్న ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. వాటిలో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు చుట్టూ తిరుగుతున్నాయి: యంత్రం పాడుతోంది, కానీ నిలకడగా పాడటం లేదు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో 1980ల చివర్లో కొన్న వాక్‌మన్ తరహా ప్లేయర్ ఉంది. చాలా ఏళ్లు వాడకుండా ఉండిపోయింది. ఇటీవల రెండు కొత్త సెల్లు వేస్తే పాడింది గాని, సన్నాయి, హార్మోనియం వచ్చే చోట స్వరం వణుకుతోంది. మాటలు మాత్రం బాగానే వినిపిస్తున్నాయి. కాసేపటికి పాట మొత్తం నెమ్మదించి ఈడ్చుకుపోతోంది. ఒక దుకాణంలో చూపిస్తే మోటారు పోయిందని, ఇప్పుడు దొరకదని చెప్పారు. నిజంగా మోటారేనా?
(విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ)

జవాబు: మోటారని అప్పుడే తేల్చుకోవద్దండి. ఈ యంత్రాల్లో అన్నిటికంటే ఆలస్యంగా పాడయ్యే భాగాల్లో మోటారు ఒకటి. దానికంటే ముందు పాడయ్యేవి రబ్బరు భాగాలు, సెల్లు తగిలే రేకులు. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు లక్షణాలున్నాయి. స్వరం వణకడం ఒకటి, కాసేపటికి వేగం తగ్గిపోవడం మరొకటి. ఈ రెండింటికీ కారణం ఒకటే కావాలని లేదు. ఒకటే అనుకుని వెతికితే రెండూ దొరకవు.

ముందుగా యంత్రం పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఫిలిప్స్ సంస్థ 1963లో ఈ క్యాసెట్‌ను తెచ్చినప్పటి నుంచి రీలు వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఈ వేగాన్ని నిర్ణయించేది క్యాసెట్ చక్రాలు కావు. రీలు మీది పాటను చదివే హెడ్ పక్కన నిలబడి తిరిగే సన్నని ఉక్కు కడ్డీ ఒకటుంటుంది, దాన్ని మెకానిక్కులు క్యాప్‌స్టన్ అంటారు. దానికి రబ్బరు రోలరు ఆనుకుని రీలును మధ్యలో పట్టి లాగుతుంది. కడ్డీ అడుగున ఫ్లైవీలు అనే బరువైన చక్రం, దానికీ మోటారుకూ మధ్య రబ్బరు బెల్టు ఉంటాయి. వాడిన రీలును చుట్టుకునే చక్రం కేవలం మెత్తగా జారే క్లచ్ సాయంతో వెనుక వెనుక వస్తుంది. ఈ వరుసలో ఎక్కడ ఏ భాగం సమంగా తిరగకపోయినా అది స్వరంలో వినిపిస్తుంది. మాటల్లో తెలియకపోవడానికి కారణం, మాట్లాడేటప్పుడు మన స్వరం ఎలాగూ పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది. సన్నాయి ఒకే స్వరాన్ని పట్టి నిలిపినప్పుడు అర శాతం తేడా కూడా చెవికి తగులుతుంది. డప్పు దరువుతో పరీక్షిస్తే పాడైన యంత్రం కూడా బాగున్నట్టే అనిపిస్తుంది కాబట్టి, పరీక్షకు ఎప్పుడూ వేణువో హార్మోనియమో ఉన్న పాటనే ఎంచుకోండి.

యంత్రం మూత విప్పకముందే చెవితోనే సగం తెలుసుకోవచ్చు. క్యాసెట్ కిటికీలోంచి చక్రం తిరగడం చూస్తూ పాట వినండి. స్వరం ఊగడం చక్రం ఒక్క చుట్టుకు ఒకసారి చొప్పున వస్తుంటే లోపం క్యాసెట్‌లో గాని, చుట్టుకునే చక్రపు క్లచ్‌లో గాని ఉన్నట్టు. చుట్ట చిన్నగా ఉన్నప్పుడు చక్రం ఒక చుట్టు తిరగడానికి సుమారు ఒకటిన్నర సెకను, నిండుగా ఉన్నప్పుడు సుమారు మూడు సెకన్లు పడుతుంది. కాబట్టి పాట ముందుకు సాగేకొద్దీ ఊగే లయ కూడా మారుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. లయ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే రబ్బరు రోలరునో బెల్టునో అనుమానించాలి. ఊగడం కాకుండా సన్నగా, వేగంగా వణుకు వస్తుంటే క్యాప్‌స్టన్ కడ్డీకి అంటుకున్న మురికి, ఎండిపోయిన బేరింగు గుర్తుకు రావాలి. ఆ కడ్డీ చాలా చిన్న ప్లేయర్లలో రెండు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, సెకనుకు ఏడెనిమిది చుట్లు తిరుగుతుంది. దాని మీద ఒక చోట గట్టిపడిన చిన్న మురికి పొర సెకనుకు అన్నిసార్లూ రీలును ఎగదోస్తుంది.

మరొక క్యాసెట్ పెట్టి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష. వేరే క్యాసెట్‌లో ఊగడం లేకపోతే యంత్రాన్ని వదిలేసి మొదటి క్యాసెట్‌ను ఒకసారి ఆ చివరి దాకా, మళ్లీ ఈ చివరి దాకా పూర్తిగా తిప్పండి. ఏళ్ల తరబడి కదలని చుట్టలో పొరలు హెచ్చుతగ్గులుగా బిగుసుకుని ఉంటాయి. ఒక్కసారి సమంగా చుట్టుకుంటే చాలావాటికి అదే మందు. రెండు వైపులా కలిపి 120 నిమిషాలు పాడే సి-120 క్యాసెట్ల రీలు బాగా పలచన, వాటిని పాత ప్లేయర్‌లో పెట్టకపోవడమే మంచిది. పరీక్షకు సి-60 వాడండి.

ఇక వేగం తగ్గిపోవడం సంగతి. దీనికి నేను ముందుగా సెల్లు తగిలే రేకులనే చూస్తాను. పాత సెల్లు కారిన చోట తెల్లని పొడో పచ్చని తుప్పో పేరుకుంటుంది. కొత్త సెల్లు వేసినా కరెంటు ఆ తుప్పు గుండానే వెళ్లాలి. మోటారు 100 నుంచి 200 మిల్లీ ఆంపియర్లు తీసుకునే యంత్రంలో తుప్పు వల్ల రెండు ఓమ్‌ల నిరోధం చేరిందంటే 0.2 నుంచి 0.4 వోల్టు అక్కడే ఆగిపోతుంది. రెండు సెల్లు కలిపి ఇచ్చేదే 3 వోల్టులు కదా. వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఉన్నవారిని అడిగి, పాట నడుస్తుండగానే సెల్లు మీద ఒకసారి, లోపల మోటారుకు వెళ్లే తీగల దగ్గర ఒకసారి కొలిపించండి. పాట ఆపి కొలిస్తే ప్రయోజనం లేదు, భారం లేనప్పుడు బలహీనమైన సెల్లు కూడా నిండుగానే చూపిస్తుంది. రేకులను సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. కత్తితో గీకితే పైన ఉన్న నికెల్ పూత పోయి తుప్పు మరింత త్వరగా వస్తుంది.

తర్వాత శుభ్రం చేయడం. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో నీరు, కొన్నిటిలో నూనె పదార్థాలు కలుస్తాయి. అవి ఆరిన తర్వాత కూడా పొరలాగా మిగులుతాయి. దానికి బదులు ఐసొప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో బోర్డులు కడగడానికి వాడేది అదే కాబట్టి, ఎక్కడ దొరుకుతుందో వారినే అడగవచ్చు. దూది చుట్టిన పుల్లను అందులో తడిపి హెడ్‌ను, క్యాప్‌స్టన్ కడ్డీని, రబ్బరు రోలరును తుడవండి. కడ్డీని తుడిచేటప్పుడు ప్లే నొక్కి తిరగనివ్వవచ్చు, కానీ దూది పోగు రోలరుకూ కడ్డీకీ మధ్య చిక్కుకోకుండా చూసుకోవాలి. దూదికి గోధుమరంగు అంటకుండా అయ్యేదాకా పుల్లలు మారుస్తూ తుడవాలి. ఆ గోధుమరంగు రీలు మీది అయస్కాంత పూత రాలి అంటుకున్నది. రోలరు తుడిచిన తర్వాత కూడా అద్దంలా మెరుస్తూ, గోరుతో నొక్కితే లొంగకుండా ఉంటే దాని పని అయిపోయినట్టే. జారుతూ పట్టుకునే రోలరు ఉన్నంతకాలం మిగతా భాగాలు ఎంత బాగున్నా స్వరం నిలవదు.

బెల్టు విషయానికి వస్తే, మన ప్రాంతపు వేసవులు రబ్బరుకు కలిసిరావు. రామగుండం వైపు ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల అటక మీద ఉన్న యంత్రం లోపల ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. బెల్టు మొదట సాగుతుంది, తర్వాత మోటారు పుల్లీ దగ్గర వంగిన ఆకారంలోనే గట్టిపడుతుంది. కొన్నిటిలో కరిగి తారులాగా అంటుకుపోతుంది. సాగిన బెల్టు జారుతూ పట్టుకుంటూ ఉంటుంది గనుక పాట ఊగుతుంది. గట్టిపడిన బెల్టులో వంపు ఉన్న చోటు పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ ఒక కుదుపు వస్తుంది. కరిగిన బెల్టును చెక్క పుల్లతో తీసి, మిగిలిన జిగురును ఆల్కహాల్‌తో తుడవండి. పెట్రోలు, థిన్నరు వంటివి ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. ఆ నల్ల జిగురు చేతికి, బట్టలకు అంటితే అంత తేలిగ్గా వదలదు, కింద పాత వార్తాపత్రిక పరుచుకోండి.

కొత్త బెల్టు కొలతకు పాత బెల్టును నమ్మవద్దు, అది సాగి ఉంటుంది. బెల్టు నడిచే దారి వెంట ఒక దారాన్ని బిగువుగా చుట్టి, దాని పొడవు కొలిచి, ఆ పొడవు కంటే ఐదు నుంచి పది శాతం తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు తీసుకోండి. బిగువు చాలకపోతే జారుతుంది, మరీ బిగువైతే మోటారు బేరింగు మీద భారం పడి వేగం తగ్గుతుంది. చిన్న ప్లేయర్లలో చాలావాటికి సుమారు ఒక మిల్లీమీటరు మందమున్న చతురస్రపు బెల్టు సరిపోతుంది. వరంగల్‌లో దొరకకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగవచ్చు. కొలత రాసుకుని, పాత బెల్టు ముక్క కూడా వెంట తీసుకెళ్లండి. కూరగాయల సంచీకి వేసే రబ్బరు బ్యాండు వేసి సరిపెట్టమని ఎవరైనా చెబితే వినకండి. దాని మందం ఎక్కడికక్కడ మారుతుంది కాబట్టి ఉన్న ఊగుడికి తోడు కొత్త ఊగుడు చేరుతుంది.

ఇవన్నీ అయిన తర్వాతే మోటారు. బెల్టు తీసి మోటారును ఒంటరిగా నడిపి వినండి. శబ్దం ఒకే తీరుగా ఉంటే మోటారు బాగున్నట్టే. ఉన్నట్టుండి ఆగి, తట్టితే మళ్లీ కదులుతుంటే లోపలి బ్రష్షులు అరిగినట్టు. ఆగకుండా విపరీతమైన వేగంతో పరుగెడుతుంటే వేగాన్ని అదుపులో ఉంచే సర్క్యూట్ చెడినట్టు. మీరు రాసిన లక్షణాల్లో ఈ రెండూ లేవు. వణుకుకు రోలరు గాని బెల్టు గాని, నెమ్మదించడానికి సెల్లు రేకులు కారణమని నా అంచనా. వోల్టేజీ నిలకడగా ఉండి కూడా వేగం తగ్గుతుంటే అప్పుడు ఎండిపోయిన బేరింగులను చూడాలి. ఫ్లైవీలు తీసి కడ్డీని తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, నిజంగా ఒక్కటంటే ఒక్కటే చుక్క, బేరింగు లోపల వేయండి. రెండో చుక్క రోలరు మీదికి చేరి మొత్తం పని పాడుచేస్తుంది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న వాక్‌మన్ బల్ల మీద పెడితే చక్కగా పాడుతోంది. జేబులో వేసుకుని నడుస్తుంటే మాత్రం అడుగు అడుగుకూ స్వరం కదులుతోంది. మోసపోయానా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట)

జవాబు: మోసమేమీ లేదు. తిరిగే ఫ్లైవీలు తన వేగాన్ని తాను నిలబెట్టుకోవాలని చూస్తుంది. మీరు నడుస్తూ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పినప్పుడు పెట్టె తిరుగుతుంది గాని ఫ్లైవీలు ఆ మేరకు వెంటనే తిరగదు. పెట్టెతో పోల్చితే దాని వేగం క్షణకాలం పెరిగినట్టో తగ్గినట్టో అవుతుంది. రీలు ఉన్నది పెట్టెలోనే కాబట్టి ఆ తేడా స్వరంలోకి వస్తుంది. దీన్ని తగ్గించడానికే కొన్ని ప్లేయర్లలో ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ఫ్లైవీళ్లను పెట్టారు. మీదానిలో అది లేకపోయి ఉండవచ్చు. సోనీ మొదటి వాక్‌మన్ 1979లో వచ్చినప్పటి నుంచి ఈ ఇబ్బందితో తయారీదారులు కుస్తీ పడుతూనే ఉన్నారు. జేబులో కంటే నడుముకు బిగించిన పౌచ్‌లో కదలిక తక్కువ. అయినా ఒక్క సంగతి చూసుకోండి: బల్ల మీద పెట్టి చేత్తో మెల్లగా పక్కకు తిప్పినప్పుడు కొద్దిగా కదిలి వెంటనే కుదుటపడితే అది సహజం. కుదుటపడటానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంటే బెల్టు వదులైనట్టు.

ప్రశ్న: మా నాన్న 1990లలో దుబాయిలో పనిచేసేటప్పుడు ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ క్యాసెట్లలో ఒకటి పెడితే గొంతు ఒకసారి దగ్గరగా, ఒకసారి దుప్పటి లోంచి వచ్చినట్టు వినిపిస్తోంది. కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలని ఉంది. యంత్రం వేగం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?
(ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: ముందుగా ఆ క్యాసెట్‌ను యంత్రంలోంచి తీసి పక్కన పెట్టండి. పోయినా ఫరవాలేదనుకునే మరో క్యాసెట్‌ను రెండు వైపులా పూర్తిగా వినిపించి, రీలు ఎక్కడా నలగలేదని, చుట్టుకోలేదని తేలిన తర్వాతే నాన్నగారి క్యాసెట్ పెట్టాలి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఇలాంటి గల్ఫ్ క్యాసెట్లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటికి మరో ప్రతి ఉండదు.

మీరు చెప్పిన లక్షణం వేగానికి సంబంధించినది కాదు. గొంతు శ్రుతి మారకుండా స్పష్టత మాత్రమే వచ్చిపోతుంటే రీలు హెడ్‌కు సరిగా ఆనడం లేదని అర్థం. క్యాసెట్ ముందు భాగం మధ్యలో రాగి రంగు రేకు మీద చిన్న ఉన్ని మెత్త ఉంటుంది. రీలును హెడ్‌కు అదిమి పట్టేది అదే. జిగురు ఎండి ఆ మెత్త ఊడిపోవడం పాత క్యాసెట్లలో మామూలు. ఊడి లోపలే పడి ఉంటే మళ్లీ అంటించవచ్చు. లేకపోతే, మరలతో బిగించిన మంచి ఖాళీ క్యాసెట్ ఒకటి తీసుకుని, రెండు చుట్టలనూ జాగ్రత్తగా ఎత్తి అందులోకి మార్చాలి. మార్చేటప్పుడు రీలును వేళ్లతో తాకవద్దు, మెలిక పడనివ్వవద్దు. మెత్త బాగానే ఉంటే హెడ్ శుభ్రం చేసి చూడండి. అప్పటికీ మూగగానే ఉంటే హెడ్ వంపు తేడా. హెడ్ పక్కన ఉన్న చిన్న మరను పాట నడుస్తుండగా పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పి, సకార షకారాలు స్పష్టంగా పలికే చోట ఆపాలి. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఏ వంపులో ఉండిందో ఆ వంపుకే మీ హెడ్‌ను తేవాలన్నమాట. పని అయ్యాక తిరిగి మొదటి చోటికి తేవడానికి మర మీద ముందే గుర్తు పెట్టుకోండి.

వేగం కొలవడానికి మీ క్యాసెట్లలోనే ఒక సాధనం దాగి ఉండే అవకాశముంది. నాన్నగారు టేప్‌రికార్డరును గోడ ప్లగ్గుకు పెట్టి రికార్డు చేసి ఉంటే, మాటల వెనుక సన్నని కరెంటు హోరు కూడా రీలు మీద పడి ఉంటుంది. దుబాయిలో కరెంటు 50 హెర్ట్జ్. రికార్డింగును కంప్యూటర్‌లోకి ఎక్కించి, పౌనఃపున్యాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఆ హోరు 50 వద్ద గాని, దాని రెట్టింపు 100 వద్ద గాని కనబడుతోందా చూడండి. 50కి బదులు 48 వద్ద ఉంటే మీ యంత్రం నాలుగు శాతం నెమ్మదిగా నడుస్తోంది. ఒక్క షరతు: వినిపించే ప్లేయర్‌ను సెల్లుతోనే నడపాలి, ల్యాప్‌టాప్ ఛార్జరు కూడా తీసేయాలి. లేకపోతే మన ఇంటి 50 హెర్ట్జ్ హోరు వచ్చి కలుస్తుంది. సౌదీ నుంచి వచ్చిన క్యాసెట్లు ఉన్నవారు మాత్రం 60 వద్ద వెతకాలి, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. నాన్నగారు సెల్లుతో రికార్డు చేసి ఉంటే ఈ హోరు దొరకదు. అప్పుడు కింద సిరిసిల్ల పాఠకుడికి చెప్పబోయే పద్ధతే దిక్కు.

ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు, అది లేకపోతే యూఎస్‌బి సౌండ్ కార్డుకు తీగ కలపండి. వాల్యూమ్ సగానికి మించవద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో వేవ్ ఫైలుగా భద్రపరచండి, ఎంపీ3 ప్రతి తర్వాత చేసుకోవచ్చు. వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకే శాతం తేడాగా ఉంటే కంప్యూటర్‌లో నిమిషంలో సరిచేయవచ్చు. ఊగుతూ ఉన్న రికార్డింగును తర్వాత సరిచేయడం చాలా కష్టం కాబట్టి రోలరు, బెల్టు సంగతి ఎక్కించకముందే తేల్చుకోండి.

ప్రశ్న: మోటారు వెనుక రంధ్రంలో ఉన్న మరను తిప్పితే వేగం సరి అవుతుందని విని తిప్పాను. ఇప్పుడు పాటలన్నీ హడావిడిగా పాడుతున్నాయి. మళ్లీ ఎక్కడ ఆపాలి? మా ఇల్లు మరమగ్గాల షెడ్డుకు ఆనుకునే ఉంది.
(ఒక పాఠకుడు, సిరిసిల్ల)

జవాబు: ఆ మర సగటు వేగాన్ని మార్చుతుంది తప్ప ఊగడాన్ని ఆపదు. దాన్ని సరిచేయడానికి 3000 లేదా 3150 హెర్ట్జ్ స్వరం రికార్డు చేసిన పరీక్ష క్యాసెట్‌ను వాడతారు. ఫోనులో పౌనఃపున్యం చూపించే యాప్ పెట్టుకుని ఆ అంకె వచ్చేలా మర తిప్పుతారు. 3000 ఉండాల్సిన చోట 3030 వస్తే ఒక శాతం ఎక్కువ. ఆ క్యాసెట్ దొరకకపోతే, కంపెనీ ముద్రించిన పాటల క్యాసెట్ ఒకటి తీసుకుని, అదే రికార్డింగు డిజిటల్ ప్రతితో పోల్చండి. ఐదు నిమిషాల పాట, అంటే 300 సెకన్లది, క్యాసెట్‌లో 297 సెకన్లకే ముగిస్తే మీ యంత్రం ఒక శాతం వేగంగా ఉంది. వేగం ఆరు శాతం మారితే శ్రుతి దాదాపు ఒక అర స్వరం మారుతుంది. హార్మోనియం మెట్టుతో సరిపోల్చేవారికి ఈ లెక్క పనికొస్తుంది. పోలిక క్యాసెట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చేయండి. రెండు చోట్లా తేడా ఒకేలా లేకపోతే మరను వదిలేసి క్లచ్, బెల్టు చూసుకోవాలి. మరను తిప్పడానికి ప్లాస్టిక్ కొన ఉన్న స్క్రూడ్రైవరు వాడండి, ఇనుప కొన లోపల తగిలితే షార్ట్ అయ్యే ప్రమాదముంది.

మగ్గాల పక్కన ఇల్లన్నారు కాబట్టి మరొకటి కూడా చూడండి. గాలిలో తేలే నూలు పీచు రబ్బరు రోలరు ఇరుసుకు, క్యాప్‌స్టన్ అడుగు భాగానికి చుట్టుకుంటుంది. బయటికి కనబడదు. రోలరును వేలితో తిప్పితే స్వేచ్ఛగా తిరిగి మెల్లగా ఆగాలి. వెంటనే ఆగిపోతుంటే ఇరుసు దగ్గర సన్నని శ్రావణంతో పీచును లాగేయండి. యంత్రాన్ని వాడనప్పుడు మూత బిగించి గుడ్డ సంచిలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, సెల్లు తీసేసి.

ప్రశ్న: సెల్లు ఖర్చు భరించలేక అడాప్టరుతో వాడుకోవచ్చా?
(ఒక పాఠకురాలు, మంచిర్యాల)

జవాబు: వాడుకోవచ్చు. యంత్రం మీద 3 వోల్టులని ఉంటే 3 వోల్టులదే తీసుకోండి, 6 వోల్టులది పెట్టవద్దు. పిన్ను మధ్య భాగం ప్లస్సా మైనస్సా అన్నది సాకెట్ పక్కన చిన్న బొమ్మగా ముద్రించి ఉంటుంది. యంత్రానికీ అడాప్టరుకూ ఆ బొమ్మ ఒకటే కావాలి. చవక అడాప్టరు వల్ల హోరు వినిపిస్తే దానికి బదులు రీఛార్జి సెల్లు మేలు. అవి ఒక్కొక్కటి 1.2 వోల్టులే ఇస్తాయి గాని రెండు సెల్లతో నడిచే ప్లేయర్లలో చాలావరకు వాటితో సరిగానే నడుస్తాయి.